చెట్టుకప్పకి బతికున్న పురుగులు పెట్టడం ఎలా: కొత్తగా పెంచేవాళ్ళకి

చెట్టుకప్పను కొనకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పేయండి. కప్పతో పాటు బతికున్న కీచురాళ్ళ డబ్బా కూడా ఇంట్లోకి వస్తుంది. ఏదో నెలా రెండు నెలల ముచ్చట కాదిది, షాపుల్లో దొరికే వైట్స్ అనే రకం చెట్టుకప్పని సరిగ్గా చూసుకుంటే 15 ఏళ్ళు, ఒక్కోసారి 20 ఏళ్ళు కూడా బతుకుతుంది, అన్నేళ్ళూ దాని తిండి పురుగులే. కుక్కలకి, పిల్లులకి దొరికినట్టు సంచిలో పోసి అమ్మే తిండి దీనికి పనికిరాదు. గుడ్డు కూడా గుమ్మం దాటనివ్వని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి కదా, అలాంటి ఇంట్లో ఈ సంగతి కప్ప వచ్చాక బయటపడితే గొడవ ఖాయం.

అమెరికాలో ఉంటూ, పిల్లల పోరు పడలేక కప్ప కొన్నవాళ్ళనీ, కొనబోతున్నవాళ్ళనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడి షాపుల్లో మామూలుగా కనిపించేవి మూడు రకాలు: ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతపు వైట్స్ చెట్టుకప్ప, మధ్య అమెరికా అడవుల ఎర్రకళ్ళ చెట్టుకప్ప, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో చెరువుగట్ల మీద ఉండే సన్నటి ఆకుపచ్చ చెట్టుకప్ప. నేను ఎక్కువగా వైట్స్ గురించే చెప్తాను, కొత్తవాళ్ళకి అదే నయం. 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మనిషిని చూసి బెదిరిపోదు, ఏది కదిలినా నోట్లో వేసుకుంటుంది. చివర చెప్పిన గుణంతోనే తిప్పలన్నీ, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు వానాకాలంలో బాత్రూం గోడ మీదకి ఎక్కే మన చెట్టుకప్పని పట్టి డబ్బాలో వేయకండి, అది అడవి జీవి, దాని తిండి అదే వెతుక్కుంటుంది.

అసలు బతికున్నవే ఎందుకు పెట్టాలి, ఎండబెట్టిన కీచురాళ్ళు డబ్బాల్లో దొరుకుతున్నాయి కదా అని చాలామంది అడుగుతారు. కప్ప కన్ను కదలికను పట్టుకోవడానికి తయారైన కన్ను. ఎదురుగా చిన్నది ఏదైనా కదిలితే అది తిండి, కదలకుండా పడి ఉంటే ఆకుతో సమానం. 1959లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కప్ప కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరాల మీద ప్రయోగాలు చేసి, చిన్న నల్లటి వస్తువు కదిలినప్పుడు గట్టిగా స్పందించే నరాలు అందులో విడిగా ఉన్నాయని చూపించారు. అందుకే చచ్చిన పురుగుల గిన్నె ముందు కప్ప రాత్రంతా కూర్చున్నా దాన్ని ముట్టదు. పటకారుతో పట్టుకుని ఊపితే కొన్ని వైట్స్ కప్పలు చచ్చినవి కూడా తింటాయి గానీ, రోజూ దాని మీద ఆధారపడలేం. ఇంకోటి, కప్ప మింగేటప్పుడు రెండు కళ్ళూ మూసి లోపలికి లాక్కుంటుంది, మొదటిసారి చూసినవాళ్ళు గొంతులో ఇరుక్కుందేమోనని కంగారుపడతారు. కంగారేం లేదు, ఆ కనుగుడ్లు లోపలికి దిగి తిండిని గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి.

ఏ పురుగులు కొనాలి

రోజువారీ తిండి కీచురాళ్ళే. ఏ పెట్ షాపులోనైనా దొరుకుతాయి, చురుగ్గా గెంతుతాయి కాబట్టి కప్పకి వెంటనే ఆకలి పుట్టిస్తాయి. రెండు రకాలు అమ్ముతారు, గోధుమరంగు మామూలు ఇంటి కీచురాయి ఒకటి, ఒంటి మీద చారలున్నది ఇంకోటి. 2010 ప్రాంతంలో మామూలు రకానికి ఒక వైరస్ సోకి అమెరికాలో పెద్ద పెద్ద ఫారాలే మూతపడ్డాయి, ఆ తర్వాత చారల రకం వాడకం పెరిగింది. ఆ వైరస్ కప్పకి ఏమీ చేయదు, కాకపోతే కొన్న డబ్బాలో సగం రెండ్రోజుల్లో చచ్చిపడుతుంటే కారణం మీ పోషణ లోపమే అయ్యుండాలని లేదు. చారలవి ఇంకాస్త చురుకు, గెంతడంలో మహా దిట్టలు, మూత తీసేటప్పుడు జాగ్రత్త.

సైజు విషయంలో గుర్తు పెట్టుకోవలసిన కొలత ఒకటే. కప్ప రెండు కళ్ళ మధ్య ఎంత దూరం ఉందో పురుగు పొడవు అంతకు మించకూడదు. షాపువాళ్ళు పావు అంగుళం, అర అంగుళం, ముప్పావు అంగుళం అని అమ్ముతారు. బొటనవేలి గోరంత పిల్లకప్పకి పావు అంగుళం, ఒక్కోసారి అది కూడా ఎక్కువే, అప్పుడు ఎగరలేని పండుఈగలు చిన్న కప్పుల్లో దొరుకుతాయి, అవి వాడాలి. పూర్తిగా ఎదిగిన వైట్స్‌కి పెద్దవి పెట్టొచ్చు. కానీ నా సలహా ఏమిటంటే, పెద్ద కప్పకైనా రెక్కలు పూర్తిగా రాని అర అంగుళం, ముప్పావు అంగుళం సైజులోవే కొనండి. రాత్రంతా కీచుమని అరిచేవి రెక్కలొచ్చిన మగవి, రెక్కలు రాకపోతే అరవలేవు. పక్క గదిలో పడుకునే అత్తగారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

కీచురాళ్ళ తర్వాత నాకు నచ్చేవి డూబియా బొద్దింకలు. పేరు వినగానే ఇంట్లోవాళ్ళు లేచి నిలబడతారు, నిజమే. కానీ ఇవి వంటింట్లో తిరిగే రకం కాదు, దక్షిణ అమెరికావి, నున్నటి ప్లాస్టిక్ డబ్బా గోడ ఎక్కలేవు, అరవవు, కీచురాళ్ళంత కంపు కొట్టవు. ఒకటో రెండో తప్పించుకున్నా మన ఏసీ ఇళ్ళలో పిల్లల్ని పెట్టి పెరగలేవు, వాటికి బాగా వేడి, తేమ కావాలి. కీచురాయి కన్నా కండ కూడా ఎక్కువ. ఒకటే చిక్కు, ఫ్లోరిడాలోనూ, కెనడాలోనూ వీటికి అనుమతి లేదు, అక్కడున్నవాళ్ళు ఈ పేరా వదిలేసి కీచురాళ్ళతో సరిపెట్టుకోండి.

నల్ల సైనికఈగ లార్వాలు రకరకాల బ్రాండు పేర్లతో చిన్న కప్పుల్లో వస్తాయి. వీటి ఒంట్లోనే కాల్షియం దండిగా ఉంటుంది, పైన కాల్షియం పొడి చల్లకుండా పెట్టదగ్గ పురుగు దాదాపు ఇదొక్కటే. కాకపోతే చర్మం మందం, సరిగ్గా అరగక అలాగే బయటికి వచ్చేస్తుంటాయి కొన్ని. పట్టుపురుగులు కూడా చాలా మంచి తిండి, మెత్తగా ఉంటాయి, కొవ్వు తక్కువ. హిందూపురం వైపు వాళ్ళకి వీటి గురించి నేను చెప్పక్కర్లేదు, మల్బరీ ఆకు తప్ప వేరేది ముట్టవు, అందుకే ఇక్కడ అమ్మేవాళ్ళు మల్బరీ ఆకు పొడితో చేసిన ముద్ద కూడా కలిపి ఇస్తారు. ఖరీదెక్కువ, ఎప్పుడైనా మార్పు కోసం కొనండి. ఆకుపచ్చగా, బొద్దుగా ఉండే హార్న్‌వార్మ్‌లలో ఎక్కువ భాగం నీరే, ఒకటి రెండు పెడితే నీరసించిన కప్పకి మంచిది. వానపాములు కూడా చాలా మంచివి, కాకపోతే ఎరల షాపులో కంపు కొట్టే ఎర్ర రకం కాకుండా మామూలువి అడగండి.

మీల్‌వార్మ్‌లు, సూపర్‌వార్మ్‌లు అనే పెంకుపురుగుల లార్వాలు చవకగా దొరుకుతాయి, ఫ్రిజ్‌లో పెడితే మీల్‌వార్మ్‌లు వారాల తరబడి ఉంటాయి, కాబట్టి అందరికీ ముందు వాటి మీదే మనసు పోతుంది. పైపెంకు గట్టి, కొవ్వు ఎక్కువ. అప్పుడప్పుడూ ఒకటి రెండు సరే, రోజూ వద్దు, పిల్లకప్పకి అసలే వద్దు. తేనెపట్టుల్లో పుట్టే తెల్లటి వ్యాక్స్‌వార్మ్‌లు అంతకన్నా ఘోరం, వాటిలో దాదాపు నాలుగో వంతు కొవ్వే. కప్పలకి అవంటే ప్రాణం, ఒకసారి రుచి మరిగితే కీచురాళ్ళ వైపు చూడటం మానేస్తాయి. చిన్న ఎలుకపిల్లల్ని పెట్టమని షాపులో ఎవరైనా చెప్తే వినకండి.

పురుగుల డబ్బా

కప్ప ఆరోగ్యం సగం ఈ డబ్బాలోనే ఉంటుంది. షాపు నుంచి తెచ్చిన కీచురాయి చాలాసార్లు రెండు మూడు రోజులుగా తిండీ నీళ్ళూ లేకుండా ఉన్నదే. దాన్ని అలాగే తీసుకెళ్ళి కప్ప ముందు వేస్తే కప్ప తిన్నది పొట్టు. అదే కీచురాయికి ఒక రోజు, వీలైతే రెండు రోజులు మంచి తిండి పెట్టి, దాని పొట్ట నిండుగా ఉండగా కప్పకి పెడితే ఆ పోషకాలన్నీ కప్పకి చేరతాయి. మొత్తం ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదువుతానంటే ఇది చదవండి.

ఎత్తుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి, మూతలో చెయ్యి పట్టేంత కంత కోసి, సన్నటి లోహపు జాలీ అతికించండి, ప్లాస్టిక్ జాలీ అయితే కొరికేస్తాయి. లోపల గుడ్ల అట్టలు నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా దాక్కోవడానికి. గుడ్లు కొనని ఇల్లయితే టిష్యూ రోల్ అట్టగొట్టాలు వేసినా అంతే, పైగా ఒక గొట్టం ఎత్తి దులిపితే కావలసినన్ని కీచురాళ్ళు కప్పులో పడతాయి. నీళ్ళు గిన్నెలో పోయొద్దు, మునిగి చస్తాయి. క్యారెట్ ముక్కో, నారింజ ముక్కో వేస్తే చాలు, లేదంటే నీళ్ళు పీల్చే జెల్ గుళికలు అమ్ముతారు.

తిండిగా క్యారెట్, చిలగడదుంప, గుమ్మడికాయ ముక్కలు, కొలార్డ్ ఆకులు, ఆవకూర వేయండి, మునగాకు దొరికితే ఇంకా మంచిది. మన ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండే పాలకూర, తోటకూర మాత్రం వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఏ ఆకైనా బాగా కడిగి వేయాలి, మందుల అవశేషం కాస్త ఉన్నా కీచురాళ్ళు మూకుమ్మడిగా చస్తాయి. ఆకులతో పాటు పొడిగా ఓట్స్ లాంటిదో, కీచురాళ్ళకి తినిపించడానికని ప్రత్యేకంగా అమ్మే పొడో ఒక మూల వేసి ఉంచండి. కుళ్ళిన ముక్కలు, చచ్చిన పురుగులు రోజు విడిచి రోజు తీసేయాలి. కీచురాళ్ళ కంపు అని అందరూ అనేది ఎక్కువగా ఈ చచ్చిన వాటి కంపే, అడుగున తేమ చేరితే ఇంకా పెరుగుతుంది, ఆ అమ్మోనియాకి మిగతావి కూడా చస్తాయి.

డబ్బా ఎక్కడ పెట్టాలి? అందరి మొదటి ఆలోచనా గరాజే. జనవరిలో చికాగో గరాజులో, ఆగస్టులో డల్లాస్ గరాజులో ఒక్క రాత్రికే మొత్తం పోతాయి. వాటికి మనం ఇంట్లో ఉంచుకునే వేడే సరిపోతుంది, 21 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే 70 నుంచి 80 ఫారన్‌హీట్. బట్టలు ఉతికే గదిలో ఓ అర బాగా కుదురుతుంది. కీచురాళ్ళనీ, సూపర్‌వార్మ్‌లనీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చచ్చిపోతాయి. మీల్‌వార్మ్‌లని పెట్టొచ్చు, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే.

పొడి చల్లడం

కీచురాయిలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఏడెనిమిది రెట్లు ఎక్కువ. కప్పకి కావలసింది దీనికి తలకిందులు, ఫాస్ఫరస్ కన్నా కాల్షియమే ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. ఆ తేడాని పూడ్చకపోతే కప్ప తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. కొన్ని నెలల్లో దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి, గోడ ఎక్కలేక జారిపడుతుంది, ఒళ్ళు వణుకుతుంది. ఇవన్నీ కంటికి కనబడేసరికి బాగా ఆలస్యమైపోయి ఉంటుంది, వంగిన ఎముక మళ్ళీ నిటారుగా కాదు. అందుకే కాల్షియం పొడి ఉంటే మంచిదనుకునే సరుకు కాదు, కప్పతో పాటే కొనాల్సినది.

కాల్షియం ఒంటికి పట్టాలంటే డీ3 విటమిన్ కావాలి. కప్ప ఉండే గాజు ట్యాంకు మీద యూవీబీ దీపం (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చేది) ఉంటే కప్ప తన చర్మంలో కొంత తయారుచేసుకుంటుంది, అప్పుడు ఎక్కువసార్లు డీ3 లేని కాల్షియం, అప్పుడప్పుడూ డీ3 ఉన్నది వాడితే చాలు. దీపం లేకపోతే డీ3 ఉన్న కాల్షియమే వాడాలి. రాత్రి తిరిగే జీవికి దీపం ఎందుకు అంటారు గానీ, తక్కువ తీవ్రత ఉన్నది పెడితే మంచిదే, కప్ప ఎప్పుడైనా ఆకు చాటుకి వెళ్ళేలా నీడ కూడా ఉండాలి. ఎర్రకళ్ళది పగలంతా ఆకు కింద నిద్రపోతుంది, దాని విషయంలో నీడ మరీ ముఖ్యం.

రెండోది మల్టీవిటమిన్ పొడి. ఇక్కడ డబ్బా మీద అచ్చు కాస్త చదవాలి. విటమిన్ ఏ (A) అనే చోట బీటాకెరోటిన్ అని మాత్రమే ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టేయండి, కప్పలు దాన్ని విటమిన్ ఏగా మార్చుకోవడంలో బాగా వెనకబడినవి. రెటినాల్ అనో, రెటినిల్ ఎసిటేట్ అనో, రెటినిల్ పామిటేట్ అనో రాసి ఉన్నది తీసుకోండి. విటమిన్ ఏ చాలకపోతే కప్ప నాలుక మీది జిగురు గ్రంథులు పాడవుతాయి. పురుగు మీదికి గురిచూసి దూకుతుంది, నాలుక విసురుతుంది, పురుగు అంటుకోదు, మళ్ళీ దూకుతుంది. చూసేవాళ్ళు కప్పకి గురి తప్పిందనుకుని నవ్వుతారు, వీడియో కూడా తీస్తారు. వ్యోమింగ్ గోదురుకప్పల్ని కాపాడటానికి బోనుల్లో పెంచుతున్నప్పుడు ఈ జబ్బు కనబడి, దాని మీద గట్టిగా పరిశోధన జరిగింది. వరసగా కొన్ని పూటలు ఇలా జరిగితే పశువైద్యుడికి చూపించాలి. అలాగని విటమిన్ ఏ గుమ్మరించకండి, ఇదీ డీ3 కూడా ఎక్కువైతే ఒంట్లోనే పేరుకుని హాని చేసేవే.

ఎన్నిసార్లు అన్నది పొడిని బట్టి మారుతుంది, డబ్బా మీద రాసినదే ప్రమాణం. మామూలుగా అయితే పెరిగే పిల్లకప్పకి దాదాపు ప్రతి పూటా కాల్షియం, పెద్దదానికి పూట విడిచి పూట. మల్టీవిటమిన్ పిల్లదానికి వారానికోసారి, పెద్దదానికి పది, పదిహేను రోజులకోసారి. అన్నీ ఒకే పొడిలో కలిపి అమ్మేవి కూడా ఉన్నాయి, రెపాషీ వాళ్ళ కాల్షియం ప్లస్ లాంటివి, లెక్కలు గుర్తుండని వాళ్ళకి అదే సుఖం, దాని మీద మళ్ళీ వేరే పొడులు మాత్రం కలపొద్దు. డబ్బా తెరిచిన తారీఖు మూత మీద రాసుకోండి, ఆరునెలలు దాటాక విటమిన్ల బలం తగ్గిపోతుంది, ట్యాంకు పక్కన తేమలో పెడితే ఇంకా త్వరగా పాడవుతుంది.

చల్లే పద్ధతి తేలిక. జిప్ సంచిలోనో, పొడవాటి ప్లాస్టిక్ కప్పులోనో చిటికెడు పొడి వేసి, ఆ పూటకి కావలసిన పురుగుల్ని అందులోకి దులిపి, మెల్లిగా రెండు మూడుసార్లు తిప్పండి. వేపుడు ముక్కకి పిండి అద్దినంత పల్చగా అంటితే చాలు, తెల్లటి ముద్దల్లా అయితే కప్ప ఉమ్మేస్తుంది. అద్దిన వెంటనే పెట్టేయాలి, కీచురాళ్ళు తమ ఒళ్ళు తామే శుభ్రం చేసుకుంటాయి, కొన్ని గంటల్లో పొడంతా పోతుంది.

పెట్టే పద్ధతి

సాయంత్రం దీపాలు ఆర్పాక, కప్ప నిద్ర లేచి కదలడం మొదలుపెట్టినప్పుడు పెట్టండి. పిల్లలకి చూడాలని ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం పెడుతుంటారు, కొన్ని వైట్స్ కప్పలు అలవాటు పడతాయి, ఎర్రకళ్ళది పడదు. ట్యాంకు పగలు 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, అంటే 75 నుంచి 82 ఫారన్‌హీట్. చలిగా ఉంటే తిన్నది అరగక కడుపులోనే ఉండిపోతుంది.

మూడు దారులున్నాయి. మొదటిది పురుగుల్ని ట్యాంకులో వదిలేయడం, కప్ప వెంటాడి తింటుంది, దానికి కాస్త ఒళ్ళు వంగుతుంది, చూడటానికీ బాగుంటుంది. కానీ ఒక్కసారే డజను వదిలేస్తే సగం వెళ్ళి మట్టిలో దాక్కుంటాయి, ఆకలేసినప్పుడు పగలు నిద్రపోయే కప్ప చర్మాన్నే కొరుకుతాయి. కాబట్టి రెండేసి చొప్పున వదలండి, తిన్నాక ఇంకో రెండు, పావుగంట, ఇరవై నిమిషాల్లో తిననివి తీసేయండి. ఒకటీ అరా దొరక్కపోతే ఒక మూల క్యారెట్ ముక్క పెట్టి ఉంచితే రాత్రికి దాని చుట్టూ చేరతాయి, పొద్దున్నే పట్టుకోవచ్చు.

రెండోది గిన్నె. నున్నటి అంచులున్న లోతైన గిన్నెలో లార్వాలు, డూబియాలు వేస్తే ఎక్కి పారిపోలేవు, కప్ప వచ్చి తింటుంది. కీచురాళ్ళు గిన్నెలోంచి గెంతుతాయి, వాటికి ఇది కుదరదు. ఎవరెన్ని తిన్నారో తెలియదు కాబట్టి రెండు మూడు కప్పలున్న ట్యాంకుకి నేను గిన్నె సిఫార్సు చేయను, గట్టిది మొత్తం తినేసి, బెరుకుది పస్తుంటుంది.

మూడోది పటకారు. వెదురుదో, కొనలకి రబ్బరు తొడుగున్నదో తీసుకోండి, మొనదేలిన ఉక్కుది వద్దు, వైట్స్ కప్ప దూకిందంటే పటకారు కొనని కూడా కలిపి నోట్లో పెట్టుకుంటుంది. పురుగుని వెనక కాళ్ళ దగ్గర పట్టుకుని, కప్ప ముక్కుకి రెండు మూడు అంగుళాల దూరంలో, కాస్త పక్కగా, మెల్లిగా కదిలించండి. మూతికి తగిలించొద్దు, బెదిరి వెనక్కి తిరుగుతుంది. మొదట్లో పట్టించుకోదు, వారం పది రోజుల్లో పటకారు కనబడగానే తల తిప్పి చూస్తుంది. పొడి రాలిపోకుండా నేరుగా నోట్లోకి వెళ్తుంది, ఎన్ని తిన్నదో లెక్క తెలుస్తుంది, మట్టి, నాచు నోట్లోకి పోవు. నన్నడిగితే వారంలో ఒక పూట వదిలి వేటాడనివ్వండి, మిగతా పూటలు పటకారుతో పెట్టండి. ట్యాంకు అడుగున గులకరాళ్ళు, బెరడు ముక్కలు పోసినవాళ్ళు ముందు అవి తీసేయండి, తిండితో పాటు మింగితే పేగుల్లో అడ్డం పడతాయి.

ఎంత పెట్టాలి

అరచేతి సైజు కప్పకి వారానికి రెండు మూడుసార్లు, పూటకి నాలుగైదు పెద్ద కీచురాళ్ళు. అంతే. ఇక్కడే మనవాళ్ళు తప్పిపోతారు, ఎవరినైనా కడుపు మాడ్చడం మన చేతుల్లో లేదు కదా, అది అలా అద్దం దగ్గరికొచ్చి మన వంక చూస్తుంటే ఇంకో రెండు పెడదామనే అనిపిస్తుంది. అది ఎప్పుడూ అలాగే చూస్తుంది. ఆస్ట్రేలియాలో వానల్లేని నెలల్లో పురుగులు తక్కువ, వానలొస్తే విపరీతం, దొరికినప్పుడు తిని దాచుకునే ఒళ్ళు దానిది, మనింట్లో ఏడాది పొడుగునా వానాకాలమే అయ్యేసరికి ఆ ఒళ్ళు ఆగదు. పిల్లకప్పల లెక్క వేరు, నాలుగైదు నెలలొచ్చేదాకా రోజూ చిన్నవి, తిన్నన్ని, ఆ తర్వాత రోజు విడిచి రోజు, ఏడాది దాటాక పెద్దదాని లెక్క.

బరువు ఎలా చూడాలంటే, వైట్స్ కప్ప కంటి పైన, చెవి మీదుగా ఒక చర్మపు మడత ఉంటుంది. ఆ మడత అసలు కనబడకపోతే కప్ప బక్కచిక్కిపోయింది. కొద్దిగా ఉబ్బి గీతలా కనబడితే సరిగ్గా ఉంది. ఆ మడత కంటి మీదికి జారి వేలాడుతుంటే ఒళ్ళు వచ్చేసింది, మరీ ముదిరితే ఆ కొవ్వు చూపుకే అడ్డం వస్తుంది. అప్పుడు పూర్తిగా మాన్పించొద్దు, పూటల మధ్య దూరం పెంచండి, వ్యాక్స్‌వార్మ్‌లు, మీల్‌వార్మ్‌లు ఆపేయండి, పురుగుల్ని వదిలి వేటాడనివ్వండి, ఎక్కడానికి కొమ్మలు పెంచండి. ఎర్రకళ్ళది, ఆకుపచ్చది ఇంత తిండిపోతులు కావు, అవి సన్నగానే ఉంటాయి, వాటిని వైట్స్‌తో పోల్చి బలవంతంగా పెట్టకండి.

తినకపోతే

కొత్తగా వచ్చిన కప్ప వారం రోజుల దాకా తినకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. ట్యాంకు మూడువైపులా కాగితం అతికించి, పిల్లల్ని అద్దం మీద కొట్టొద్దని చెప్పి, పురుగుల్ని వదిలి దీపం ఆర్పి వచ్చేయండి. చాలా కప్పలు ఎవరూ చూడనప్పుడే తింటాయి. ఒక్కోసారి కప్ప నోరు మాటిమాటికీ ఆవులించినట్టు తెరుస్తూ, కాళ్ళతో ఒళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది, ఊపిరాడట్లేదని వైద్యుడికి ఫోన్ చేసినవాళ్ళున్నారు. అది పాత చర్మం వదిలి తనే మింగుతోంది, ఆ పూట తిండి మీద ఆసక్తి ఉండదు. చలికాలంలో ఇల్లు చల్లబడితే కూడా తగ్గిస్తాయి, ముందు థర్మామీటరు చూడండి.

పెద్ద కప్ప రెండు వారాలు దాటినా ముట్టకపోయినా, పిల్లది నాలుగైదు రోజులు తినకపోయినా, బరువు తగ్గుతున్నా, పొట్ట ఉబ్బినా, పగలూ రాత్రీ ఒకే రంగులో నల్లబడి కింద కూర్చున్నా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. కుక్కలు, పిల్లుల డాక్టర్లందరూ కప్పల్ని చూడరు, ఎక్సోటిక్స్ (కప్పలు, తొండల్లాంటి పెంపుడు జీవాలు) చూసేవాళ్ళు మీ ఊళ్ళో ఎవరో కప్ప కొనేముందే కనుక్కుని ఫోన్ నంబరు ఉంచుకోండి. నోరు తెరిచి కుక్కే ప్రయత్నం మీరు చేయొద్దు.

పెరట్లో పురుగులు

డబ్బులెందుకు దండగ, పెరట్లో బోలెడు మిడతలు ఉన్నాయి కదా అనిపిస్తుంది. అమెరికా పచ్చికలకి కొట్టే మందులు మనం కొట్టకపోయినా పక్కింటివాళ్ళు కొడతారు, ఆ మిడత ఎక్కడ తిని వచ్చిందో తెలియదు. వేసవి సాయంత్రాలు మెరిసే మిణుగురులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇక్కడి మిణుగురుల్లో చాలా రకాల ఒంట్లో గోదురుకప్ప విషాన్ని పోలిన పదార్థం ఉంటుంది, ఒక్క మిణుగురు తిని పెంపుడు తొండలు చనిపోయిన ఉదంతాలు శాస్త్ర పత్రికల్లో ఉన్నాయి. పిల్లలు సీసాలో పట్టి తెచ్చి ప్రేమగా వేసేస్తారు, ముందే చెప్పి ఉంచండి. మీ టమాటా మొక్క మీద దొరికే ఆకుపచ్చ లావు పురుగు కూడా షాపులో హార్న్‌వార్మ్ లాగే ఉంటుంది గానీ అది టమాటా ఆకు తిని పెరిగింది, ఆ ఆకు విషం దాని పొట్టలో ఉంటుంది, షాపువి వేరే తిండితో పెరిగినవి. ఇండియాలో తొలకరి వానకి దీపం చుట్టూ ఉసిళ్ళు ముసిరినట్టు ఇక్కడా కొన్ని ఊళ్ళలో రెక్కల చెదలు లేస్తాయి, చాలా ఇళ్ళకి చెదల మందు కొడతారు కాబట్టి వాటినీ వదిలేయండి.

చేతుల సంగతి. పురుగుల్ని ముట్టుకున్నా, కప్పని ముట్టుకున్నా, ట్యాంకు నీళ్ళు ముట్టుకున్నా సబ్బుతో కడుక్కోవాలి. 2009 నుంచి 2011 మధ్య అమెరికాలో చిన్న నీటికప్పల వల్ల సాల్మొనెల్లా చాలా రాష్ట్రాల్లో వ్యాపించింది, జబ్బు పడినవాళ్ళలో ఎక్కువమంది చిన్నపిల్లలే. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో కప్పలు వద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. ట్యాంకు గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు. కప్పని పట్టుకునేముందు కూడా చెయ్యి కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా మంచినీళ్ళతో తడుపుకోవాలి, దాని చర్మం అన్నిటినీ పీల్చుకుంటుంది. నీళ్ళ గిన్నెలో కుళాయి నీళ్ళు నేరుగా పోయకండి, నీటిని శుద్ధి చేయడానికి క్లోరమైన్ అనే మందు కలిపే ఊళ్ళలో ఒక రాత్రి నిలవ ఉంచినా అది పోదు, దాన్ని పోగొట్టడానికి చేపల షాపులో దొరికే చుక్కల మందు కలపాలి.

ఇండియా ప్రయాణం

ఇది మనకి మాత్రమే ఉండే చిక్కు, నాలుగు వారాలకి తక్కువ కాకుండా వెళ్తాం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కప్ప వారం రోజులు తిండి లేకపోయినా ఉంటుంది, నీళ్ళు, తేమ లేకుండా ఉండలేదు. కాబట్టి వారం లోపైతే ఎవరో ఒకరు రోజూ వచ్చి నీళ్ళు మార్చి, ట్యాంకులో చల్లితే చాలు. అంతకు మించితే తిండి పెట్టేవాళ్ళు కావాలి, పిల్లకప్ప అయితే ఒక్క వారానికైనా కావాలి. వెళ్ళిపోతూ ట్యాంకులో యాభై కీచురాళ్ళు వదిలి వెళ్ళే ఆలోచన మాత్రం చేయకండి, పైన చెప్పిన కొరుకుడు గుర్తుంది కదా.

పురుగులంటే భయపడే స్నేహితులకి కీచురాళ్ళ డబ్బా అప్పగిస్తే రెండో రోజుకే మీకు వాట్సాప్ వస్తుంది. అలాంటివాళ్ళకి డూబియాలు నయం, గెంతవు. వెళ్ళడానికి రెండు మూడు వారాల ముందు నుంచే కప్పకి వాటిని అలవాటు చేయండి. స్నేహితుల్ని ఒక సాయంత్రం పిలిచి టీ ఇచ్చి, వాళ్ళ చేత్తోనే ఒక పూట పెట్టించండి. కాగితం మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసివ్వండి: ఏ రోజుల్లో పెట్టాలి, పూటకి ఎన్ని, ఏ రోజున ఏ పొడి, నీళ్ళలో ఎన్ని చుక్కలు, వైద్యుడి నంబరు, ఎక్కువ అడిగినా పెట్టొద్దు అన్న మాట పెద్ద అక్షరాల్లో. పొడి అవసరమైన పూటలకి చిన్న డబ్బాల్లో ముందే వేసి తారీఖు రాసి పెడితే ఇంకా మంచిది. తిరిగొచ్చాక తాజా పురుగుల కోసం ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడుతున్నట్టయితే, మీరు దిగిన మర్నాడు చేరేలా పెట్టండి, డిసెంబరులో గుమ్మం బయట పెట్టె ఒక్క రాత్రి ఉంటే లోపల ఏదీ మిగలదు.